మీకు తెలుసా? పసి ఒంటికి మందు ఎక్కువే కావాలి

రెండేళ్ల బిడ్డకు మందంటే చెంచాలో నాలుగు చుక్కలేగా అనుకుంటాం. కిడ్నీ మార్పిడి తర్వాత ఒళ్లు కొత్త కిడ్నీ మీద తిరగబడకుండా వాడే టాక్రోలిమస్ విషయంలో ఆ లెక్క తప్పుతుంది. కిలో బరువుకు ఇంత అని చూస్తే పెద్దవాళ్ల కంటే పసివాళ్లకే ఎక్కువ పడుతుంది, చాలామందికి రెట్టింపు దాకా. వాళ్ల పేగులు, కాలేయం ఈ మందును అంత త్వరగా అరగదీసేస్తాయి.

అమ్మే కిడ్నీ ఇచ్చినా ఇలాంటి మందులు తప్పవు. అమ్మ జన్యువుల్లో బిడ్డకు వచ్చేది సగమే, అమ్మ కిడ్నీలోని మిగతా సగాన్ని బిడ్డ ఒంట్లోని రక్షణ కణాలు పరాయిదిగానే చూస్తాయి. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందం చేసిన తొలి విజయవంతమైన మార్పిడి అచ్చుగుద్దినట్టుండే కవలల మధ్య జరిగింది కాబట్టి ఏ మందూ అవసరం పడలేదు. అలాంటి అదృష్టం ఎంతమందికి ఉంటుంది?

ఈ మందుల్లో కొన్ని మట్టిలో దొరికినవే. టాక్రోలిమస్‌ను తయారుచేసే సూక్ష్మజీవి 1984లో జపాన్‌లోని త్సుకుబా మట్టిలో బయటపడింది. సైక్లోస్పోరిన్‌ది నార్వే మట్టి, సిరోలిమస్‌ది ఈస్టర్ ద్వీపం మట్టి.

టాక్రోలిమస్ రక్తంలో తగ్గితే ఒళ్లు కొత్త కిడ్నీ మీద తిరగబడుతుంది, పెరిగితే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న చోటు చాలా ఇరుకు. అందుకే సాధారణంగా పన్నెండు గంటలకోసారి, అదీ గడియారం చూసి వేస్తారు. రక్తంలో మందు ఎంతుందో చూసే 'టాక్రో లెవెల్' పరీక్ష రోజున పొద్దుటి మోతాదు వేయకముందే రక్తం ఇవ్వాలి. వేసి వెళితే అంకె ఎక్కువగా కనిపిస్తుంది, దాన్ని నమ్మి మోతాదు తగ్గిస్తే ప్రమాదం.

విరేచనాలు పట్టుకుంటే మందంతా బయటికి పోయి లెవెల్ పడిపోతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగేది తలకిందులు. మామూలుగా పేగు గోడే ఈ మందులో కొంత విరిచేస్తుంది, కొంత వెనక్కి నెట్టేస్తుంది. విరేచనాలతో ఆ గోడ దెబ్బతింటే కాపలా సడలి మందు ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. ఒకపక్క ఒంట్లో నీరు తగ్గిపోతుంటే మరోపక్క లెవెల్ పెరుగుతుంది, రెండు దెబ్బలూ ఆ ఒక్క కిడ్నీకే. మార్పిడి అయిన పిల్లలకు విరేచనాలు మొదలైతే ఇంట్లో చిట్కాలతో ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలని పెద్దలకు గట్టిగా చెప్పాల్సింది ఇందుకే.

మన పెరళ్లలో కాసే పంపర పనస కూడా పేగు గోడలోని ఆ పనిని అడ్డుకుంటుంది కాబట్టి ఈ పిల్లలకు పెట్టకూడదు. దగ్గుకో గొంతు నొప్పికో రాసే ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లెవెల్‌ను పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్ బాగా తగ్గించేస్తాయి. జ్వరానికి మందుల షాపులో చేతికిచ్చే ఐబుప్రోఫెన్ సిరప్ నేరుగా కిడ్నీకే చేటు. మార్పిడి సంగతి చెప్పకుండా ఏ మందూ కొనకూడదు.

గొట్టం మాత్ర మింగలేని పిల్లలకు దాన్ని విప్పి ద్రవంగా కలిపి ఇస్తారు. ఆ ద్రవం గాఢత ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మిల్లీలీటరుకు అర మిల్లీగ్రాము ఉన్న సీసా పోయి ఒక మిల్లీగ్రాముది వస్తే, అదే సిరంజి గీత దగ్గర మోతాదు రెట్టింపవుతుంది. కాబట్టి గుర్తుంచుకోవాల్సింది మిల్లీగ్రాములు. తోడుగా వాడే మైకోఫినోలేట్‌తో మరో జాగ్రత్త: గర్భంలోని శిశువుకు అది హాని చేస్తుంది. మళ్లీ నెల తప్పిన తల్లి ఆ మాత్రలు విప్పడం, పొడి పీల్చడం మంచిది కాదు.

తట్టు, ఆటలమ్మ లాంటి వాటికి వేసే బతికున్న క్రిములతో చేసిన టీకాలను వీలైనంతవరకు మార్పిడికి ముందే, కనీసం నాలుగు వారాల ఎడంతో ముగించేస్తారు. తర్వాత వాటిని సాధారణంగా వేయరు. పోలియో చుక్కలు ఈ బిడ్డకే కాదు, ఒకే ఇంట్లో పెరుగుతున్న తమ్ముడికీ చెల్లికీ వేయకూడదు. చుక్కల్లోని వైరస్ మలం ద్వారా బయటికొచ్చి ఈ బిడ్డకు అంటవచ్చు. వాళ్లకు పోలియో ఇంజెక్షన్ ఉంది. పల్స్ పోలియో రోజుల్లో ఇంటికొచ్చే ఆశా కార్యకర్తకు ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి.