సైకిలుపై లేపాక్షికి

గృహకృత్యములలో మునిగియుండు మనకు యాత్రయన్న బస్సో రైలో యెక్కి, దైవదర్శనము చేసికొని తిరిగి వచ్చుటయే. మేమును ముప్పదియాఱేండ్లు అట్లే తలంచితిమి. గడచిన సంక్రాంతి సెలవులలో మా వారితోడను, పదునైదేండ్ల మా అమ్మాయితోడను సైకిళ్లపై అనంతపురమునుండి లేపాక్షికి పోయి వచ్చితిమి.

ఇది వినోదమునకై తలపెట్టినది కాదు. మా అమ్మాయి పదవ తరగతి చదువుచుండెను. ఆపై చదువవలెనన్న కళాశాల పట్టణమునందున్నది. మా పల్లెకు పండ్రెండు కిలోమీటర్లు. ఉదయపు బస్సు వచ్చిన వచ్చును, రాకున్న లేదు. సైకిలుపై పంపుదమని మా వారనగా, అత్తగారు "ఆడబిడ్డ అంతదూరం ఒంటిగా సైకిలు తొక్కుకుంటా పోతే ఊళ్లో ఏమంటారు? దావలో ఏమన్నా అయితే?" అని అడ్డుపడిరి. నిజము చెప్పవలెనన్న ఆ భయము మాకును గలదు. త్రోవ యెట్టిదో మేమే తొక్కి చూడక, పిల్లను పంపుటయు మాన్పుటయు రెండును తప్పేయని తోచినది.

ఆఱు నెలలు సాయంకాలములందు బడి ఆవరణమున మా అమ్మాయియే మాకు గురువై నేర్పినది. ఒకనాడు చీరకుచ్చెళ్లు గొలుసులో చిక్కి పడితిమి, మోకాలు చీరుకొనినది. నాటినుండి చుడీదారు ధరించి, గొలుసునకు కప్పు వేయించితిమి.

ఆ దినములలో మా వారు డెర్వ్లా మర్ఫీ కథ చెప్పిరి. ఐర్లండు దేశమున లిస్మోర్ అను ఊర ఆమెకు 1941లో, పదవ పుట్టినరోజున, సైకిలును దేశపటముల పుస్తకమును కానుకలుగా వచ్చినవట. గుట్ట యెక్కుచు, ఇట్లే తొక్కుచుండిన హిందూదేశము చేరవచ్చును గదా యని ఆ బాలిక తలంచెను. కాని పదునాలుగవ యేట బడి మాని, వ్యాధిగ్రస్తయైన తల్లికి పరిచర్య చేయవలసి వచ్చెను. తల్లి 1962లో గతించినది. 1963 జనవరిలో ఆమె ఒంటరిగా బయలుదేరి, పర్షియా, ఆఫ్గనిస్థానములు దాటి, జూలైలో ఢిల్లీ చేరెను. ఇంటిపనులు కోరికను ఏండ్లకొలది ఆపవచ్చును గాని చంపజాలవని మాకు ధైర్యము కలిగినది.

అనంతపురము సముద్రమట్టమునకు సుమారు 1,100 అడుగుల యెత్తునను, హిందూపురము సుమారు 2,000 అడుగుల యెత్తునను గలవు. బస్సులో ఈ యెక్కుడు తెలియదు, మోకాళ్లకు తెలియును. మొదటినాడు చెన్నేకొత్తపల్లెలో బంధువుల యింటను, రెండవనాడు పెనుకొండలోను నిలిచితిమి. పెద్ద రహదారిపై లారీలు విస్తారము. కనుక ప్రక్కదారి యున్నచోట దానినే పట్టి, ఒకరివెనుక నొకరము సాగితిమి. ముందు మా వారు, నడుమ అమ్మాయి, వెనుక మేము.

మన సీమకు వాన యేల తక్కువయో ఈ త్రోవలో బాగుగా బోధపడును. పడమటి కనుమలు నైరుతి మేఘముల నీటిని ముందే పిండుకొనును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున కురిసి, ఇచ్చటికి వచ్చుసరికి అలసిపోవును. ఏటికి సగటున 55 సెంటీమీటర్ల వానయే మనకు దక్కును. మేఘము నిలువకున్నను గాలి మాత్రము నిలువదు. రామగిరి కొండలపై గాలిమరలే సాక్ష్యము. ఆషాఢ శ్రావణములలో దక్షిణమునకు పోవువారికి అది యెదురుగాలి. అందుచేతనే శీతకాలమును ఎన్నుకొని, వేకువననే బయలుదేరుచుంటిమి.

రెండవనాటి మధ్యాహ్నమునకు మా సీసాలు వట్టిపోయినవి. వేరుసెనగ కోసిన చేనిగట్టున నొక అవ్వ తన కడవలోని నీరు సగము మాకు పోసి, మా అమ్మాయిని తేఱిపాఱ చూచి, "మా మనవరాలూ సైకిలు మీదే బడికి పోతాది తల్లీ" అన్నది. ఆ మాటలో గొప్ప లేదు, వింతయు లేదు.

నీరు పంచుట ఈ నేలకు పాత ధర్మమే. 1388లో బుక్కరాయలు పెనుకొండలో కొలువుండగా, జీవులకు నీరే ప్రాణమని తలంచి, పెన్నానది నీటిని పెనుకొండకు తేవలసినదని సింగయభట్టను జలసూత్రజ్ఞుని ఆజ్ఞాపించెను. అతడు కాలువ త్రవ్వించి శిరువేర చెఱువునకు నీరు మరల్చినట్లు శాసనము గలదు. 1565 తళ్లికోట యుద్ధము పిమ్మట విజయనగర రాజులకు రాజధానియైనది ఈ పెనుకొండయే.

మూడవనాడు సోమందేపల్లె, హిందూపురముల మీదుగా లేపాక్షి చేరితిమి. ఏకశిలానంది కన్నులబడగానే మా అమ్మాయి సైకిలు దిగి పరుగెత్తినది. వీరభద్రాలయపు కప్పునందలి చిత్రములను తలలెత్తి చూచుచు, కాళ్లనొప్పి మఱచితిమి.

ఇల్లు చేరిన నాడు అత్తగారు త్రోవ సంగతులన్నియు అడిగిరి; అవ్వ మాట విని ఊరకుండిరి. మఱునాడు అమ్మాయితో, "పోతే పో. చీకటి పడకముందే యింటికి రావల్ల" అనిరి.

సోదరీమణులారా, అందఱును లేపాక్షికి తొక్కవలెనని మా మాట కాదు. పీఠము ఎత్తు సరిచూచికొనుడు. గాలిపంపును, అతుకుసామానును, తలకొకరికి రెండు లీటర్ల నీటిని వెంటనుంచుకొనుడు. ఆడపిల్ల పోవలసిన త్రోవను ఒకసారి మీరును తొక్కి చూడుడు. పిమ్మట తగునో తగదో మీరే నిర్ణయింపుడు.