కొండెక్కితే గాలి ఎందుకు చాలదు?

నందిగామ నుంచి జగ్గయ్యపేటకు సైకిలు తొక్కితే మీకు ఆయాసం వస్తుంది. చెట్టునీడన కాసేపు ఆగితే తగ్గుతుంది. ఈ ఊళ్లు సముద్రమట్టానికి వంద మీటర్లలోపే ఉన్నాయి మరి! హిమాలయాల్లో 5,500 మీటర్ల ఎత్తున నాలుగడుగులు వేసినా రొప్పుతారు. అక్కడి గాలిలోనూ ప్రాణవాయువు 21 శాతమే. కాని వాయుపీడనం సగానికి పడిపోవడంవల్ల ఒక్కో శ్వాసలో అందేది సగమే.

శరీరం దీనికి అలవాటు పడుతుంది. శ్వాస వేగం హెచ్చుతుంది, రక్తంలో ఎర్రకణాలు పెరుగుతాయి. అందుకు రోజులు, వారాలు పడతాయి. కనుకనే బృందాన్ని నడిపే మార్గదర్శి 3,000 మీటర్లు దాటాక రాత్రి మకాం ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచడు. పగలు పైకి ఎక్కించి, పడుకోవడానికి కిందికి దింపుతాడు. నెమ్మదిగా నడిచేవాడి అడుగే అందరి అడుగు.

మన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. భువనగిరి బండమీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లడఖ్‌లలో సాధన చేశాకే ఆ ప్రయాణం.

తలనొప్పి, వాంతులు మొదలైతే ఎక్కడం ఆపాలి. వెనకబడతామని కొందరు దాచేస్తారు, అందుకే మార్గదర్శి పూటపూటా అడుగుతాడు. మనిషి తూలుతున్నా, మాట తడబడినా మెదడు వాస్తోందన్నమాట. అప్పుడు అర్ధరాత్రయినా సరే, తోడిచ్చి కిందికి దింపాల్సిందే.