నేలమీది సంతకము

విమానము గగనమున కెగసినపుడు మనమందరము తలయెత్తి చూచెదము. అదే విమానము రాత్రివేళ శాలలో చేరి, కడుపు తెరచుకొని, ఇంజను కప్పులు విప్పుకొని నిలిచియున్నపుడు చూచువారు మిక్కిలి యరుదు. విమానయానమును గూర్చి మన దేశమున జరుగు ప్రసంగములన్నియు మొదటి దృశ్యమునకు సంబంధించినవే. ఎన్ని విమానములు కొంటిమి, ఎన్ని పట్టణములకు నడిపితిమి, ఎన్ని విమానాశ్రయములు కట్టితిమి యను లెక్కలే వినవచ్చుచున్నవి. రెండవ దృశ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట యావశ్యకమని మేము తలంచుచున్నాము. ఏలయన, ఎగురుట విమానచోదకుని చేతిలో నున్నను, క్షేమముగా తిరిగి దిగుట చాలవరకు ఆ శాలలో పనిచేసినవాని చేతిలో నున్నది.

వ్యవసాయదారునకు ఈ సంగతి క్రొత్తది కాదు. ఏరువాకకు ముందే కర్రు చరిపించుకొనవలెననియు, ఇరుసునకు కందెన వేయక బండి కట్టరాదనియు అతని తాత చెప్పియే యుండును. అయితే దారిలో బండి విరిగినచో దిగి చెట్టునీడను కూర్చుండవచ్చును. 35 వేల అడుగుల యెత్తున అట్టి నీడ లేదు. కావుననే చెడిన పిమ్మట బాగుచేయుట గాక, చెడకమునుపే విప్పి చూచుట విమానమునకు ధర్మమైనది.

ఈ విప్పిచూచుట యొక క్రమము ననుసరించి జరుగును. ప్రతి ప్రయాణమునకు ముందు విమానము చుట్టును తిరిగి చక్రములు, బ్రేకులు, రెక్కలు, ఇంజను ముఖములు పరీక్షింతురు. కొన్ని వందల గంటలు ఎగిరిన పిమ్మట ‘ఎ’ తనిఖీ వచ్చును. అది ఒకటి రెండు రాత్రులలో ముగియును. ఏడాదిన్నర మొదలు రెండేండ్లలోపల వచ్చు ‘సి’ తనిఖీకి విమానమును కొన్నివారములు శాలలో నిలుపవలెను. ఆరు మొదలు పన్నెండు సంవత్సరముల కొకసారి వచ్చు పెద్ద తనిఖీలో ఆసనములు, లోపలి గోడపలకలు, చక్రపు కాళ్లు ఊడదీసి, చాలచోట్ల రంగు గీకివేసి, లోహపు టెముకలను వెలికితెత్తురు. కంటికి కనబడని బీటలను ధ్వనితరంగములచేతను, విద్యుత్ప్రవాహముచేతను, బీటలోనికి చొచ్చుకొనిపోవు రంగుద్రవముచేతను వెదకుదురు. ఇంజనులోపలి రెక్కలను చూచుటకు సన్నని గొట్టమువంటి దర్శినిని లోనికి పంపుదురు.

విమానము వయస్సును సంవత్సరములచేత మాత్రమే లెక్కింపరాదు. ఎన్నిమారు లెగిరి దిగెనన్నది అంతకంటె ముఖ్యము. పైకెగిరినపు డెల్ల ప్రయాణికుల యూపిరికై లోపల గాలి నింపుదురు. ఆ యొత్తిడికి లోహపు చర్మము రవంత సాగును. దిగినపుడు మరల సడలును. ఇనుపతీగను పలుమారు వంచి తీసిన నేమగునో యెల్లరకును తెలియును. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవులలో అలోహా సంస్థ విమానము 24 వేల అడుగుల యెత్తున ఎగురుచుండగా ముందుభాగపు కప్పు చీలి యెగిరిపోయినది. అది అప్పటికి 89 వేలకు మించి ప్రయాణములు చేసినది. పరిచారిక యొకర్తు ఆ గాలిలో కొట్టుకొనిపోయినది. తక్కినవారు దైవికముగా బ్రతికిరి. ఆ పిమ్మటనే వృద్ధవిమానముల తనిఖీవిధులు కఠినతరము లైనవి.

తనిఖీ లేకపోవుట యొక కీడు. తప్పు మరమ్మతు దానికంటె గొప్ప కీడు. జపానులో 1978లో ఒక పెద్ద విమానము దిగునపుడు తోకభాగము నేలకు రాచుకొన్నది. వెనుక గాలిని నిలుపు గోడకు మరమ్మతు జరిగినది. అతుకునకు ఒకే నిడుపైన పలకను వాడవలసియుండగా రెండు ముక్కలుగా వాడిరి. రెండు వరుసల రివెట్లు మోయవలసిన భారము కొంతమేర ఒక్క వరుసపై పడినది. పైకి చూచువారికి అతుకు బాగుగనే కనబడినది. ఏడేండ్లపాటు ఆ విమానము ఎగురుచునే యుండెను. 1985 ఆగస్టు 12న ఆ గోడ పగిలి, తోకను చీల్చివేయగా, విమానము కొండలపై కూలి 520 మంది మరణించిరి. నలుగురు మాత్రమే బ్రతికిరి. ఒక్క వరుస రివెట్ల లోపము ఏడేండ్లకు ఇంతటి ఋణమును వడ్డీతో వసూలు చేసికొన్నది.

1990 జూన్ 10న ఇంగ్లండులో జరిగినది మరియొక విధమైన పాఠము. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానము పైకెగిరిన కొలదిసేపటికి చోదకుని యెదుటి అద్దము ఊడిపోయి, అతని దేహము సగము వెలికి లాగబడినది. సిబ్బంది యతని కాళ్లను గట్టిగా పట్టుకొనియుండగా సహచోదకుడు విమానమును దింపెను, కెప్టెను బ్రతికెను. విచారణలో తేలిన దేమన, అంతకుముందు ఆ అద్దమును బిగించిన 90 బోల్టులలో 84 ఒక రవంత సన్ననివి! పనిచేసినవాడు అనుభవశాలి; కాని పాత బోల్టును చేతబట్టుకొని దానికి సరిపోలినవానిని కంటికొలతచే ఏరినాడు; విడిభాగముల పుస్తకమును చూడలేదు. ఆ పాత బోల్టులును సరియైనవి కావు. అనుభవము పుస్తకమును కాదనినపుడు అనుభవమే శత్రువగును.

మరమ్మతువిద్య యొక్క మర్మ మిదియే. విమానశాలలో పని ముగిసిన పిమ్మట లైసెన్సు గల ఇంజనీరు ‘ఇది యెగురుటకు తగియున్నది’ అని వ్రాసి సంతకము చేయవలెను. ఆ సంతకము లేనిది విమానము కదలరాదు. వందలకోట్ల రూపాయల విమానమును, టిక్కెట్లు కొని కూర్చున్న ప్రయాణికులను, తొందరపడు యజమానిని, ‘కాదు’ అను ఒక్కమాటతో నిలుపగల యధికార మతనికి కలదు. ఆ ‘కాదు’ అనుటకు విద్య కావలెను, ధైర్యమును కావలెను.

ఇట్టి విద్య మనవారికి రానిదా? చరిత్రము అట్లు చెప్పుట లేదు. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వ సహాయముతో బెంగుళూరున హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారమును స్థాపించెను. యుద్ధకాలమున అమెరికా వాయుసేన విమానములు అక్కడనే బాగుపడినవి. యుద్ధానంతరము మిత్రరాజ్యములవారు లిబరేటర్ బాంబర్లను ఇతరులకు పనికిరాకుండ పాడుచేసి కాన్పూరున విడిచిపోయిరి. బెంగుళూరు పనివారు ఆ తుక్కునుండి నలుబది వరకు విమానములను నిలబెట్టిరి. జంషెడ్ మున్షీ యను చోదకుడు వానిని కాన్పూరునుండి బెంగుళూరునకు నడిపెను. 1948 నవంబరులో అవి భారత వాయుసేనలో చేరి, 1968 వరకు పనిచేసినవి. మన బేగంపేటనుండి నడచిన డెక్కన్ ఎయిర్‌వేస్ వారును యుద్ధములో మిగిలిన డకోటాలతోనే 1946లో సేవ లారంభించి, 1953లో జాతీయకరణము వరకు నడిపిరి. పాతదానిని నిలుపుటలో మనచేతికి లోటు లేదు.

ఐనను నేటి పరిస్థితి యేమి? 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానములకును, ఆ జూన్ మాసమున ఇండిగో 500 విమానములకును ఆర్డరు లిచ్చినవి. ప్రపంచ మాశ్చర్యపడినది. కాని ఆ విమానముల ఇంజనులు పాడైనచో ఎచ్చటికి పంపవలె నను ప్రశ్నకు చాలకాలము సింగపూరు, ఐరోపా, అమెరికాలే సమాధానముగా నుండినవి. పైగా మన పన్నుల విధానమే ఆ దారి చూపినది. దేశములో మరమ్మతు చేయించిన నూటికి 18 వంతులు పన్ను. విదేశమునకు పంపి మరల తెప్పించుకొన్న 5 వంతులు! సొంతయింటి కమ్మరికి సుంకము వేసి పొరుగూరి కమ్మరికి మినహాయింపు నిచ్చినట్లుండెను. 2020 ఏప్రిల్ 1నుండి దేశములోని మరమ్మతుకును 5 వంతులే చేసిరి. 2024 జూలైలో విడిభాగముల దిగుమతిపై పన్నును ఏకరీతిగా 5 వంతులు చేసిరి. ఆలస్యముగనైనను ఇది మంచి పని.

పరాధీనత యొక్క ఫలము 2023లో ప్రత్యక్షమైనది. ఆ మే మాసమున గో ఫస్ట్ సంస్థ సేవలు నిలిపి దివాలా కోర్టు నాశ్రయించెను. తన విమానములలో దాదాపు సగము ఇంజనులు లేక నేలపై నిలిచిపోయినవని యా సంస్థ మొరపెట్టెను. ఇంజను చేసిన కంపెనీ ఆ నింద నంగీకరింపలేదు. ఎవరిది తప్పైనను, వేలకొలది యుద్యోగులు వీధిని పడిరి. ఇండిగోకును డెబ్బదికి పైగా విమానము లొకదశలో ఇంజనులకై నిలిచిపోయినవి. కొనుటకు ధనమున్నను బాగుచేయుటకు శాల లేనివాడు కొన్నదానికి పూర్తి యజమాని కాడు.

ఈ దశలో హైదరాబాదునుండి వచ్చిన వార్త సంతోషకరమైనది. శంషాబాదు విమానాశ్రయము ప్రక్కన విమానదేహములను బాగుచేయు శాల యిదివరకే యున్నది. 2025 నవంబరు 26న అచ్చటనే ఫ్రెంచి సంస్థ సాఫ్రాన్ వారి ఇంజను మరమ్మతు కర్మాగారము ప్రారంభమైనది. సుమారు 1,300 కోట్ల రూపాయల పెట్టుబడి. 2035 నాటికి ఏటా 300 లీప్ ఇంజనులను బాగుచేయవలెనని సంకల్పము. నేడు ఆకాశమున తిరుగు ఎయిర్‌బస్, బోయింగు చిన్న విమానములలో పెక్కింటికి ఈ ఇంజనులే ప్రాణము.

సంతోషింతము, కాని మత్తిల్లకుందము. శాల విదేశీయులది, యంత్రము విదేశీయులది, మరమ్మతు పుస్తకమును వారిదే. మనకు మిగులునది పనివాని చేయి. ఆ చేతిలో విద్య నిలిచినచో, నేడు బాగుచేయువాడు రేపు తయారుచేయును. విద్య నిలువనిచో, మన యూరిలో నున్న శాలకు మనము కావలివారముగా మిగులుదుము. మరియు స్వదేశాభిమాన మెంత యున్నను సన్నని బోల్టు లావుకాదు. మరకు మాతృభాష లేదు. అది సరిగా బిగించినవాని మాటయే వినును. ‘మనవారు చేసినది గదా, సర్దుకొనవలె’ నను దయ ఈ వృత్తిలో ప్రాణాంతకము.

ఇచ్చట మా మాట ప్రభుత్వముతో గాక పాఠకులతోనే. మన యిండ్లలో కుమారుడు కుర్చీలో కూర్చుండు నుద్యోగము చేసిన గౌరవము. చేతికి నూనె యంటిన చిన్నతనము. కుమార్తె విషయము చెప్పనే యక్కరలేదు. గణిత, భౌతికశాస్త్రములతో ఇంటర్మీడియటు ముగించిన పిల్లలు, పౌరవిమానయాన శాఖ యనుమతి గల విద్యాలయములలో చదివి, నియమిత కాలము నిజమైన విమానములపై పనిచేసి, లైసెన్సు పొందవచ్చును. చేర్చుటకు ముందు తలిదండ్రు లొక్క ప్రశ్న యడుగవలెను: ‘ఇచ్చట మా పిల్లలు విమానమును చేతితో ముట్టుదురా, లేక బొమ్మలు చూచి పరీక్ష వ్రాయుదురా?’ సమాధానము తడబడినచో వెనుకకు తిరిగి రావలెను. విమానసంస్థల యజమానులును ఒకటి గుర్తింపవలెను. తెల్లవారుజామున ‘కాదు’ అన్న యింజనీరును గద్దించినవాడు తన సంస్థకే గోతిని త్రవ్వుకొనుచున్నాడు.

ఇకమీద పాఠకు లెవరైన విమాన మెక్కినపుడు కిటికీనుండి క్రిందికి చూతురు గాక. చక్రముల చెంత దీపము పట్టుకొని వంగిచూచుచు నొక మనుష్యుడు కనబడును. అతని పేరు మన కెన్నటికిని తెలియదు. ఆ పేరు ఒక పుస్తకములో, ఒక గీతక్రింద, సిరాతో వ్రాయబడియున్నది. మన ప్రాణము ఆ సిరాను నమ్మి పైకెగురుచున్నది. ఆ సంతకము మన బిడ్డలది కావలెను. అది నిజమైనదియు కావలెను.