ఒడ్డు ఎందుకు కూలుతుంది?



ఈ పూట పైరు సంగతి కాదు, పైరు నిలిచే నేల సంగతి చెప్పుకుందాం. అందులోనూ నేల అంచు సంగతి. వాగు పక్కన, వంక పక్కన, కాలువ పక్కన పొలం వున్నవారు కొంచెం మనసు పెట్టి వినండి.

వెలుగోడు ప్రాంతం చూచినవారికి తెలుసు. తూర్పున నల్లమల కొండలు. అక్కడ గట్టి వాన పడితే వంకలన్నీ ఒక్కసారిగా దిగివస్తాయి. గాలేరు మీద వెలుగోడు జలాశయం వుంది. తెలుగుగంగ పథకం కింద కట్టినది, నిండితే 16.95 టి.ఎం.సి.ల నీరు పడుతుంది. శ్రీశైలం నీరు పోతిరెడ్డిపాడు దగ్గర బయలుదేరి, బనకచెర్ల మీదుగా దీనిలోకి వస్తుంది. ఇక కె.సి. కాలువ సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు 1863లో తవ్వకం మొదలుపెట్టిన కాలువ అది. 1882లో ప్రభుత్వం కొనుక్కున్నది. సుంకేసుల దగ్గర పుట్టి కడప దాకా పోతుంది. అయితే దారి పొడుగునా అది తవ్విన కాలువ కాదు. నిప్పులవాగును, గాలేరును, కుందూనదిని కొంతకొంత దూరం తన దారిగా వాడుకుంటుంది. అంటే ఏమన్నమాట? వాన వచ్చినప్పుడు నాలుగు రోజులు పొంగి తగ్గిపోవలసిన ఏరు, నెలల తరబడి ఒడ్డును తడుపుతూ పారుతుంది. ఆ ఒడ్డు చాలాచోట్ల నల్లరేగడి. కోత కథ ఇక్కడే మొదలవుతుంది.

“ఏడాదికి రెండడుగులు పోయిందిలే, వంక పక్కన పొలమన్నాక అంతే గదా!” అంటుంటారు మనవాళ్ళు. ఒక్కసారి లెక్క వేయండి. మీ పొలం వంక వెంబడి 300 అడుగుల పొడుగు వుందనుకోండి. ఏడాదికి రెండడుగులంటే 600 చదరపుటడుగులు, సుమారు సెంటున్నర. పదేళ్ళు పోయేసరికి దాదాపు 14 సెంట్లు. పాసుపుస్తకంలో మాత్రం ఎకరా ఎకరాగానే వుంటుంది. అమ్మబోయినప్పుడు సర్వేయరు గొలుసు పట్టి కొలిస్తే అప్పుడు తెలుస్తుంది వంక ఎంత తిన్నదీ.

నేల పోవడం ఒక నష్టం. మనిషి పోవడం మరో నష్టం. అది తరువాత చెబుతాను.

ముందు రేగడి గుణం చూద్దాం. ఈ మట్టిలో బంకపాలు ఎక్కువ. ఆ బంక రేణువులు పలకలు పలకలుగా వుంటాయి. నీరు ఆ పలకల మధ్యకు దూరి వాటిని ఎడం చేస్తుంది. అందుకే తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు నెర్రెలు వారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మీ చేలో నెర్రెలోకి ములుగర్ర దింపి చూడండి, ఎంత లోతు పోతుందో. చేను నడుమ నెర్రెలు వస్తే మంచిదే, తొలకరి నీరు లోపలికి దిగుతుంది. అదే నెర్రె ఒడ్డు అంచుకు రెండు మూడడుగుల దూరంలో, వంక వెంబడే గీత గీసినట్టు వచ్చిందంటే, అది మంచి కాదు. ఒడ్డు నుంచి ఒక పెళ్ళ విడిపోవడానికి గుర్తు పెట్టుకున్నదన్నమాట.

ఇప్పుడు ఒడ్డుకు రెండు పేర్లు పెట్టుకుందాం. కింద నీరు తగిలే చోటు మొదలు. పైన నాగలి తిరిగే చోటు తల. వరదనీరు మొదలును కోస్తుంది. ముఖ్యంగా వంక వంపు తిరిగే చోట, వంపు బయటివైపు ఒడ్డుకు నీటి దెబ్బ ఎక్కువ. మొదలు కోసుకుపోయాక తల గాలిలో చూరులా నిలబడుతుంది. ఎండి వున్నంతకాలం రేగడి రాయిలా గట్టిది కనుక నిలబడుతుంది. చూచేవారికి ధైర్యం చెబుతుంది. ఇంతలో పైన వాన పడుతుంది. లేదా ఒడ్డును ఆనుకొని వున్న వరి మడిలో నీళ్ళు కడతాము. ఆ నీరు నెర్రెలో దిగుతుంది. నెర్రెలో నిలిచిన నీరు గునపంలా పెళ్ళను బయటికి నెడుతుంది. తడిసిన మట్టి బరువూ పెరుగుతుంది, పట్టూ వదులుతుంది. ఇక కూలడానికి వేరే కారణం ఎందుకు?

ఇంకొక వింత కూడా వుంది. ఒడ్లు చాలాసార్లు వరద పొంగినప్పుడు కూలవు. వరద తీసిన మరునాడు, ఎండ కాసినప్పుడు కూలుతాయి. ఎందుకంటే వంక నిండుగా వున్నంతసేపు ఆ నీరే ఒడ్డుకు ఆనుడు కర్రలా ఆసరా ఇస్తుంది. నీరు చప్పున తగ్గితే ఆ ఆసరా పోతుంది; మట్టిలోకి ఎక్కిన నీరు మాత్రం అంత త్వరగా దిగదు. రేగడిలో నీటి నడక చాలా నిదానం. లోపల బరువు, బయట ఆసరా లేదు. కాలువలో నీరు ఒక్కసారిగా కట్టేసినా జరిగేది ఇదే. “వరద పోయింది, ఇక భయం లేదు” అని పశువులను ఒడ్డు కిందికి తోలేది సరిగ్గా ఆ రోజే గదా మనం!

మనిషి సంగతి చెబుతానన్నాను. ఇంటి పునాదికో, అరుగుకో, కళ్ళానికో మట్టి కావాలంటే ఒడ్డు మొదట్లో తవ్వుకోవడం కొందరికి అలవాటు. పైన బరువు తీయకుండా కింద తవ్వితే పని సులువు, మట్టి తనంతట తానే రాలుతుంది. ఆ రాలే మట్టి ఎంతో తెలుసా? పొడుగు పది అడుగులు, ఎత్తు ఎనిమిది, మందం మూడడుగుల పెళ్ళ ఒకటి విరిగిందనుకోండి. మొత్తం 240 ఘనపుటడుగులు. తడి మట్టి ఘనపుటడుగుకు 50 కిలోలకు తక్కువ వుండదు. అంటే 12 టన్నులు! లారీ లోడు మట్టి ఒక్క లిప్తలో మీద పడితే తప్పుకునే వ్యవధి వుండదు. నడుము దాకా కప్పబడినవాడిని కూడా పైకి లాగడం చేతకాదు; చుట్టూ మట్టి తవ్వి తీయవలసిందే. అలా తవ్వేటప్పుడు మరో పెళ్ళ విరుగుతుంది. కనుక ఒడ్డు మొదట్లో మట్టి తవ్వవద్దు. కూలీలను తవ్వమని పంపవద్దు. సెలవుల్లో పిల్లలు చూరు కింద నీడ వుందని ఆటకు చేరుతుంటారు, వారినీ కనిపెట్టుకోండి.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండు దేశానికి తూర్పు తీరాన హోల్డర్‌నెస్ అనే వ్యవసాయ ప్రాంతం వుంది. మంచుయుగంలో మంచు తెచ్చి పోసిన బంకమట్టి నేల అది. సముద్రం ఒడ్డున నిట్రంగా నిలబడి వుంటుంది. అక్కడ మన వంక చేసే పని అలలు చేస్తాయి: మొదలు కోస్తాయి. పైనుంచి వాననీరు దిగుతుంది. సగటున ఏడాదికి ఇంచుమించు రెండు మీటర్ల నేల సముద్రంలో కలుస్తున్నది. రోమనుల నాటి నుంచి ఎన్నో పల్లెలు అలా పోయాయి. మాపుల్టన్ అనే చిన్న ఊరిని కాపాడడానికి 1991లో పెద్ద పెద్ద బండరాళ్ళతో సముద్రంలోకి అడ్డుకట్టలు వేశారు. ఊరు నిలిచింది. కానీ ఆ ఊరికి దక్షిణంగా వున్న పొలాలకు ఇసుక చేరడం తగ్గి, అక్కడ కోత ముమ్మరమైంది.

ఈ చివరి మాట మన వంకలకు బాగా వర్తిస్తుంది. మీ ఒడ్డు కాపాడుకోవాలని వంకలోకి రాళ్ళు, మొద్దులు, ముళ్ళకంప అడ్డంగా తోస్తే నీరు దారి మళ్ళి ఎదుటి ఒడ్డును కొడుతుంది. అది మీ మామగారి చేనో, పక్క ఊరి వారి చేనో అయి వుంటుంది. వచ్చే ఏడు వారూ ఒక అడ్డు వేస్తారు. చివరకు తగువు పంచాయతీకి పోతుంది, నేల వంకకు పోతుంది. సర్కారుతుమ్మ కంప వంక నడుమ పెరిగినా ఇదే పని చేస్తుంది. కనుక అడ్డులు వేయదలచితే రెండు ఒడ్ల రైతులు కలిసి, జలవనరుల శాఖ ఇంజనీరును పిలిచి చూపించి మరీ వేయాలి. కాలువ గట్టయితే అది ప్రభుత్వానిది. దానిమీద మీ అంతట మీరు పార వేయకూడదు.

మరి ఒక్క రైతు తన పొలంలో చేయగలిగినది లేదా? చాలా వుంది. పెద్ద ఖర్చు కూడా కాదు.

ఒడ్డు తలమీద నీరు నిలవకుండా చూడడం మొదటి పని. నా మాట అడిగితే సగం ఒడ్లు కూలేది వంకవల్ల కాదు, వరి మడివల్ల. అంచు దాకా వరి వేసి, చివరి గెనం మీదుగా మిగులు నీరు వంకలోకి కారనిస్తే, ఆ ఒడ్డు ఎన్నాళ్ళో ఆగదు. ఒడ్డు ఎంత ఎత్తో, కనీసం దానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు గల పట్టీ దున్నకుండా వదలండి. పది అడుగుల ఒడ్డుకు పదిహేను అడుగులు. “అంత నేలా!” అంటారేమో. వదిలిన నేల మీదే. గడ్డి పెరుగుతుంది, పశువులకు కోసి వేయవచ్చు. కూలిన నేల మీది కాదు. ఆ పట్టీకి లోపలివైపు చిన్న గట్టు, గట్టుకు లోపలగా చిన్న కాలువ తీసి, మిగులు నీరంతా ఒక్క చోటికి చేర్చండి. ఆ ఒక్క చోట రాళ్ళు పరచి మెట్లుగా వంకలోకి దింపండి. పదిచోట్ల కారే నీరు పది గండ్లు కొడుతుంది. తలమీద నెర్రె కనిపిస్తే మట్టితో గట్టిగా కూరి, పైన వాలు కట్టండి. ఇంజను, మోటారు, మట్టికుప్ప, గడ్డివామి అంచున పెట్టకండి. ఆ బరువు ఒడ్డును తోసేదే.

నిట్రంగా వున్న ఒడ్డును వాలుగా చెక్కడం ఇంకా మంచిది. ఒక అడుగు ఎత్తుకు రెండడుగుల వాలు. చెక్కడం ఎప్పుడూ పైనుంచి కిందికి; ఎండకాలంలో, వంక ఎండి వున్నప్పుడు. మొదట్లో రాళ్ళు పరిచేవారు ఒకటి గమనించాలి. ఉత్తి మట్టిమీద రాళ్ళు పేరిస్తే రాళ్ళ సందుల్లోంచి మట్టి జారిపోయి, రాళ్ళు కుంగుతాయి. ముందు గరుసు ఇసుక, దానిమీద కంకర, దానిమీద రాళ్ళు. అప్పుడు లోపలి నీరు బయటికి వస్తుంది, మట్టి రాదు. సిమెంటు గోడ కట్టి నీరు పోవడానికి కన్నాలు వదలకపోవడం కంటె కట్టకపోవడమే నయం. వెనకాల చేరిన నీరు గోడతో సహా తోసుకొని పోతుంది.

ఇక్కడ విస్తరణ పనిలో వున్న సోదరులకు ఒక చిన్న పరీక్ష చెబుతాను. రైతుల ముందే చేసి చూపవచ్చు. ఒడ్డులోంచి ఎండిన మట్టిపెళ్ళ గోలీకాయంత తీసి, గాజుగ్లాసులో వాననీరు పోసి మెల్లగా వదలండి. కాసేపటికి విడిపోయి కింద కుప్పపడితే, ఎండు రేగడిలోకి నీరు చొరబడితే ఏమవుతుందో రైతు కళ్ళారా చూస్తాడు. కుప్పపడడమే కాక, గ్లాసు కదపకుండానే రెండు గంటల్లో దాని చుట్టూ నీరు పాలవిరుగుడులా మబ్బు కమ్మిందా, అది చౌడు గుణం. అటువంటి ఒడ్డు లోలోపల బొరియలు పడి కూలుతుంది. రాళ్ళు పరిచినా ఆగదు. మట్టి పరీక్ష చేయించి, జిప్సం మోతాదు తెలుసుకొని వేయించాలి.

చివరగా, నాటవలసినవి. వాలుమీద వట్టివేరు అన్నిటికన్నా మేలు. దాని వేళ్ళు పక్కలకు కాక నిట్టనిలువునా మనిషి లోతుకు మించి దిగుతాయి. పిలకలను జానెడు ఎడంగా, వాలుకు అడ్డంగా వరసలు వేయండి. వరసకూ వరసకూ నాలుగైదు అడుగులు. మొదలు దగ్గర వావిలి, రెల్లు. కానుగ వంటి చెట్లు కాస్త ఎడంగా లోపలికి వుండాలి. అంచునే పెద్ద చెట్టు వుంటే గాలికి ఊగి ఒడ్డును కదిలిస్తుంది. తొలకరి పడగానే నాటితే వేరు పట్టడానికి వ్యవధి వుంటుంది. మొదటి ఏడు పశువులు మేయకుండా కంచె వేయండి.

పని మొదలుపెట్టే ముందు ఒడ్డు అంచునుంచి లోపలికి సరిగ్గా ఇరవై అడుగుల దూరంలో రాతి గూటాలు మూడు పాతండి. ఉగాదికొకసారి, దీపావళికొకసారి తాడు పట్టి కొలిచి, ఆ అంకె గోడమీది క్యాలెండరులో రాసిపెట్టుకోండి. ఇరవై పద్దెనిమిది అయిందంటే ఆ చోటికి వ్యవసాయాధికారిని పిలిపించండి.