బాటసారికి హామీ ఎవరు?

మంథని నుండి మానేరు దాటి తూర్పునకు వచ్చు బాటయు, భూపాలపల్లి నుండి ఉత్తరమునకు సాగు బాటయు కలియుచోట కాటారము కలదు. అచటినుండి మహాదేవపురము మీదుగా కాళేశ్వరము చేరవచ్చును. గోదావరిపై వంతెన దాటినచో మహారాష్ట్రలోని సిరోంచ. ఈ ఊరికి రైలు లేదు. బడికి పోవు పిల్లలకు, ఆసుపత్రికి పోవు వృద్ధులకు, అంగడికి పోవు రైతులకు రహదారియే ఆధారము. దానిపై ఆర్.టి.సి. బస్సులును, ప్రైవేటు ఆటోలును తిరుగుచుండును. జనులకు ప్రయాణ సౌకర్యము కల్పించు భారము ప్రభుత్వముదా, ప్రైవేటు వారిదా అను చర్చ పాతది. చరిత్రను పరిశీలించినచో ఇరువురును ఆ భారమును పంచుకొనుచునే వచ్చిరని తెలియును. వారి నడుమ బాటసారికి దక్కిన హామీ ఏమి అనునదే విచారింపదగిన విషయము.

నిజాము రాజ్యములో 1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు రైలుమార్గము పడినది. దానిని పొడిగించుటకై 1883లో ఒక ఆంగ్ల కంపెనీతో ఒడంబడిక జరిగినది. కంపెనీ పెట్టుబడిపై నిర్ణీతమైన వడ్డీకి ప్రభుత్వము హామీ యిచ్చినది. అందుచేతనే దానికి ‘నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’ అను పేరు వచ్చినది. రాబడి తగ్గినను కంపెనీకి చింత లేదు. లోటును ఖజానా భరింపవలెను. చాందా రైల్వే పథకమని పేరుపడిన ఈ ఏర్పాటులోని షరతులను ప్రజలకు వెల్లడింపుమని కోరినవారిలో సరోజినీ నాయుడు తండ్రి, విద్యావేత్త అఘోరనాథ చట్టోపాధ్యాయ ముఖ్యుడు. అందుకు ఫలితముగా 1883 మే నెలలో ఆయన రాజ్యమునుండి బహిష్కరింపబడెను. రైలు 1889లో బెజవాడ చేరినది. తరువాతి కాలమున కాజీపేట నుండి బల్లార్షాకు వేసిన మార్గము పెద్దపల్లి, రామగుండముల మీదుగా సాగిపోయినది. కాటారము దానికి దూరముగా తూర్పున మిగిలినది.

1930లో ప్రభుత్వము ఆ రైల్వేను కొనినది. 1932 జూన్‌లో రైల్వే శాఖయే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా విభాగమును స్థాపించినది. రైలు చేరని ఊళ్లకు బస్సు చేరుటకు ఇది నాంది. 1951 నవంబరు 1న ఆ విభాగము హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వ శాఖగా మారినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది.

కోస్తా జిల్లాలలో అప్పటికి బస్సులు ప్రైవేటు యజమానులవి. కృష్ణా జిల్లా మార్గములను జాతీయము చేయ తలపెట్టినపుడు గుళ్లపల్లి నాగేశ్వరరావు ప్రభృతులు సుప్రీంకోర్టునకు పోయిరి. ఆక్షేపణలను విన్నవాడు రవాణా శాఖ కార్యదర్శి. తీర్పు చెప్పినవాడు ముఖ్యమంత్రి. విన్నవాడొకడు, తీర్చువాడొకడు అగుట న్యాయము కాదని 1958లో న్యాయస్థానము ఆ ఉత్తర్వును కొట్టివేసినది. కంపెనీకి మేలు చేయునపుడైనను, కంపెనీని తొలగించునపుడైనను ప్రభుత్వము బహిరంగముగా, న్యాయముగా నడువవలెనని ఈ రెండు ఉదంతములును తెలుపుచున్నవి.

ఇక నేటి బాటను చూడుడు. ఆటో యజమానికి ఇంధనపు ఖర్చు, అప్పు వాయిదా ఉండును. బండి నిండిననే గాని అతనికి గిట్టదు. అతనిని నిందింప పనిలేదు. బస్సు పోని గూడెములకు సైతము అతడు పోవును, చేయి యెత్తినచోట ఆపును. కాని నిండినపుడే కదలు బండికి వేళ యుండదు. బస్సునకు వేళ కలదు. నలుగురే ఎక్కినను కదలవలెను. రద్దీ మార్గముపై వచ్చిన మిగులుతో పలుచని మార్గపు నష్టమును పూడ్చుట ప్రజా రవాణా పద్ధతి. రద్దీ వేళల ప్రయాణికులను ఇతరులు తీసికొనిపోయినచో ఆ మిగులు హరించును. పిదప మొదట రద్దగునది మారుమూల ఊరి బస్సే.

రెండు పద్ధతులను కలుపు ప్రయత్నములును కలవు. ఆర్.టి.సి. అద్దె బస్సులలో బండి ప్రైవేటు యజమానిది. మార్గము, వేళ, టికెట్టు సంస్థవి. లండను నగరములోను ఇట్టిదే: ప్రభుత్వ సంస్థ మార్గములను నిర్ణయించును, కంపెనీలు గుత్తకు నడుపును. తక్కిన ఇంగ్లండులో 1986 నుండి మార్గముల ఎంపికను కంపెనీలకే విడిచిరి. లాభము లేని మార్గములకు స్థానిక సభలు సొమ్ము చెల్లింపవలసివచ్చినది. ఆ పద్ధతిని విడిచి మాంచెస్టరు 2023 నుండి తన బస్సులను మరల ప్రజాధికారము క్రిందికి తెచ్చుకొనినది.

తెలంగాణలో 2019 అక్టోబరు 5 నుండి 52 దినములు ఆర్.టి.సి. సమ్మె సాగినది. ఆ నడుమనే 5,100 మార్గములను ప్రైవేటు వారికి విడువవలెనని మంత్రివర్గము నిశ్చయించినది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకము క్రింద స్త్రీలకు ఉచిత ప్రయాణము మొదలైనది. ఆ చార్జీని ప్రభుత్వము సంస్థకు చెల్లింపవలెను. చదువుకొను బాలికకు ఇది గొప్ప మేలు. కాని బస్సు రాని ఊరిలో ఉచిత టికెట్టు ఎట్లు అక్కరకు వచ్చును?

2025 మే నెలలో కాళేశ్వరమున సరస్వతీ పుష్కరములు జరిగినపుడు ప్రత్యేక బస్సులు నడచినవి. పండుగనాడు బండ్లు నడపుట కష్టము కాదు, జనము నిండుదురు. పరీక్ష సామాన్య దినమునకే. బండి ఎవరిదైనను కావచ్చును. ఏ వేళకు వచ్చును, ఎంత చార్జీ, రాకపోయిన ఎవరు జవాబుదారి అను మూడు మాటలు ముందుగా వ్రాసి ప్రజలకు తెలుపవలెను. ఆనాడు కంపెనీ వడ్డీకి దొరికిన హామీ, నేడు బడి విడిచి కాటారము కూడలిలో నిలుచు విద్యార్థికి దొరకవలెను.