రెండవ మెట్టు

ఏ క్రీడలోనైనా శిఖరం మీద నిలిచినవారినే లోకం చూస్తుంది. ఆ శిఖరానికి చేర్చే మెట్లు చాలామంది కంటికి ఆనవు. మంచుదేశాల క్రీడ అయిన స్కీ జంపింగ్‌లో అటువంటి మెట్టు ఒకటుంది. దాని పేరు కాంటినెంటల్ కప్. పురుషులకు అది రెండవ మెట్టు. మహిళలకు మాత్రం ఏడు క్రీడా సంవత్సరాలపాటు అదే శిఖరంగా నిలిచింది. ఒకే పేరుగల పోటీ ఒకరికి సోపానం, మరొకరికి శిఖరం ఎలా అయిందో తెలుసుకోవాలంటే ముందుగా ఈ క్రీడ స్వరూపాన్ని గ్రహించాలి.

స్కీ జంపింగ్‌కు పుట్టినిల్లు నార్వే. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో ఓలాఫ్ రీ అనే సైనికాధికారి కాళ్ళకు స్కీలు కట్టుకొని సుమారు 9.5 మీటర్ల దూరం దూకినట్లు చరిత్ర చెబుతున్నది. 1924లో ఫ్రాన్సులోని షమొనీలో జరిగిన మొదటి శీతాకాల ఒలింపిక్ క్రీడలలోనే దీనికి స్థానం లభించింది. 2025 మార్చిలో స్లోవేనియాలోని ప్లానిత్సాలో డోమెన్ ప్రెవ్త్స్ 254.5 మీటర్లు ఎగిరి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. రెండు శతాబ్దాలలో మానవుడు సాధించిన ప్రగతికి ఈ అంకెలే నిదర్శనం.

ఎత్తయిన కట్టడం మీది నుంచి క్రీడాకారుడు ఏటవాలు బాటపై జారుతూ గంటకు సుమారు 90 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటాడు. బాట చివరి అంచున రెప్పపాటులో శరీరాన్ని ముందుకు చాచి గాలిలోకి లేస్తాడు. పూర్వం స్కీలను సమాంతరంగా ఉంచి ఎగిరేవారు. స్వీడన్‌కు చెందిన యాన్ బోక్లోవ్ వాటి కొనలను ఎడంగా విప్పి ఎగరడం ప్రారంభించాడు. మొదట న్యాయనిర్ణేతలు ఆ పద్ధతిని మెచ్చక మార్కులు తగ్గించారు. అయినా ఆయన 1988–89లో వరల్డ్ కప్ విజేత అయ్యాడు. ఆ తర్వాత లోకమంతా ఆయన బాటనే అనుసరించింది.

ఈ క్రీడలో దూరమే సర్వస్వం కాదు. ప్రతి వాలు మీద ఒక ప్రమాణ బిందువు ఉంటుంది. పెద్ద వాలు మీద అక్కడ దిగినవారికి 60 పాయింట్లు లభిస్తాయి. పెద్ద వాలు మీద ఆ బిందువును దాటిన ప్రతి మీటరుకు 1.8 పాయింట్లు కలుస్తాయి. దానికి తక్కువైతే అదే లెక్కన తగ్గుతాయి. ఐదుగురు న్యాయనిర్ణేతలు ఒక్కొక్కరు 20కి మించకుండా మార్కులు వేస్తారు. వాటిలో అత్యధికాన్ని, అత్యల్పాన్ని విడిచి మిగిలిన మూడింటిని కలుపుతారు. ఉదాహరణకు, ప్రమాణ బిందువు 120 మీటర్ల వద్ద ఉన్నప్పుడు 125 మీటర్లు ఎగిరితే దూరానికి 69 పాయింట్లు వస్తాయి. న్యాయనిర్ణేతల మార్కులు 18.5, 18, 18, 17.5, 17 అయితే, మధ్యనున్న మూడింటి మొత్తం 53.5. రెండూ కలిసి 122.5 అవుతాయి. గాలి అనుకూలించిందా, ప్రతికూలించిందా అన్నదానిని బట్టి కూడా పాయింట్లను సవరిస్తారు.

అంతర్జాతీయ స్కీ సమాఖ్య ఈ పోటీలను అంచెలంచెలుగా నిర్వహిస్తుంది. పురుషులలో అన్నింటికంటె పైనున్నది 1979–80లో ఆరంభమైన వరల్డ్ కప్. దాని కింద కాంటినెంటల్ కప్, దానికి దిగువన ఎఫ్.ఐ.ఎస్. కప్ ఉన్నాయి. కాంటినెంటల్ కప్‌లో విజేతకు 100, రెండవవానికి 80, మూడవవానికి 60 చొప్పున ముప్ఫయ్యవ స్థానం వరకు పాయింట్లు ఇస్తారు. వరల్డ్ కప్‌లో ఒక్కొక్క దేశం నుంచి ఇంతమందే అన్న పరిమితి ఉంది. కాంటినెంటల్ కప్‌లో ఒక కాలవిభాగంలో అగ్రస్థానాలలో నిలిచినవారు తమ దేశానికి పై అంచెలో అదనపు చోటు సంపాదించి పెడతారు. స్విట్జర్లాండ్‌లోని ఎంగెల్‌బెర్గ్, జర్మనీలోని బ్రోటెరోడె, అమెరికాలోని ఐరన్ మౌంటెన్ వంటి ఊళ్ళు ఈ పోటీలకు ఆతిథ్యమిచ్చాయి.

ఈ మెట్టు మీద రెండు రకాలవారు ఎదురుపడతారు. పైకి ఎక్కాలనుకొనే యువకులు ఒక రకం. పైనుంచి జారి, తిరిగి ఎక్కాలనుకొనేవారు రెండవ రకం. జపాన్‌కు చెందిన నొరియాకి కసాయి 2014 సోచీ ఒలింపిక్స్‌లో 41 ఏళ్ళ వయసులో రజత పతకం గెలిచినవాడు. అంతటివాడు తరువాతి కాలంలో వరల్డ్ కప్ జట్టులో చోటు కోల్పోయి కాంటినెంటల్ కప్‌లో పోటీపడ్డాడు. తనకంటె ఎంతో చిన్నవారి సరసన నిలబడటానికి ఆయన చిన్నతనం అనుకోలేదు. 2024 ఫిబ్రవరిలో సప్పోరోలో 51 ఏళ్ళ వయసులో తిరిగి వరల్డ్ కప్ బరిలో దిగాడు.

ఇక మహిళల కథ వేరు. నార్వేలోని ట్రైసిల్‌లో 1862లోనే ఇంగ్రిడ్ వెస్ట్‌బీ అనే యువతి ప్రజల ఎదుట దూకినట్లు దాఖలా ఉంది. 1938లో యోహానె కోల్‌స్టాడ్ అమెరికాలో 72 మీటర్లు ఎగిరింది. 2003లో ఆస్ట్రియాకు చెందిన డానియెలా ఇరాష్కో 200 మీటర్లు అందుకున్న మొదటి మహిళగా పేరుపొందింది. ఇంత జరిగినా స్త్రీలకు వరల్డ్ కప్ లేదు, ఒలింపిక్ ప్రవేశం లేదు. వైద్యపరంగా ఈ క్రీడ స్త్రీలకు తగదని 2005లో సమాఖ్య అధ్యక్షుడే బహిరంగంగా అన్నాడంటే వారు ఎదుర్కొన్న అడ్డంకి ఎటువంటిదో ఊహించవచ్చు.

ఆ పరిస్థితిలో 2004–05లో ఆరంభమైన మహిళల కాంటినెంటల్ కప్ వారికి ఏకైక వేదిక అయింది. మొదటి ఐదు సంవత్సరాలూ నార్వే క్రీడాకారిణి అనెట్ సాగెన్, తరువాతి రెండు సంవత్సరాలు ఇరాష్కో విజేతలుగా నిలిచారు. ఎక్కడానికి పై మెట్టు లేకపోయినా వారు సాధన మానలేదు. 2009లో చెక్ దేశంలోని లిబెరెత్స్‌లో మహిళలకు తొలిసారి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగినప్పుడు అమెరికాకు చెందిన లిండ్సే వాన్ స్వర్ణం గెలిచింది.

2010 ఒలింపిక్స్‌లో మహిళలకు చోటివ్వరాదని అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2006లో నిర్ణయించింది. పాల్గొనే దేశాలు, క్రీడాకారిణులు చాలినంతగా లేరన్నది దాని వాదన. క్రీడాకారిణులు కెనడాలోని న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఇది వివక్షేనని 2009లో న్యాయమూర్తి అంగీకరించారు. కాని ఒలింపిక్ సంఘం కెనడా హక్కుల పత్రం పరిధిలోకి రాదని తీర్పు చెప్పారు. ఆ క్రీడలు జరిగిన విస్లర్‌లో చిన్న వాలు మీద అప్పటి రికార్డు లిండ్సే వాన్ పేరిటే ఉండటం గమనార్హం. రికార్డు ఆమెది, పోటీ మాత్రం పురుషులది.

చివరకు 2011 ఏప్రిల్‌లో ఒలింపిక్ సంఘం అంగీకరించింది. అదే ఏడాది డిసెంబరులో నార్వేలోని లిల్లెహామర్‌లో మహిళల వరల్డ్ కప్ ప్రారంభమై, అమెరికా యువతి సారా హెండ్రిక్సన్ తొలి విజయం సాధించింది. ఆనాటి నుంచి కాంటినెంటల్ కప్ మహిళలకు కూడా రెండవ మెట్టు అయింది. 2014లో సోచీలో జర్మనీకి చెందిన కరీనా ఫోగ్ట్ మొదటి ఒలింపిక్ స్వర్ణం అందుకుంది. ఇరాష్కోకు రజతం దక్కింది. వాన్ కూడా అక్కడ ఎగిరింది. 2025 మార్చిలో నికా ప్రెవ్త్స్ 236 మీటర్లు ఎగిరి మహిళల ప్రపంచ రికార్డు నెలకొల్పింది. 2026 ఒలింపిక్స్ కార్యక్రమంలో మహిళలకు పెద్ద వాలు పోటీని కూడా చేర్చారు.

ఒక పోటీ శిఖరం నుంచి రెండవ మెట్టుకు దిగడం సాధారణంగా పతనం అనిపించుకుంటుంది. మహిళల కాంటినెంటల్ కప్ విషయంలో అదే విజయం. దాని స్థాయి తగ్గలేదు, దానిపైన మరొక మెట్టు కట్టారు. ఆ మెట్టు కట్టినవారు, ఎక్కడానికి ఏమీ లేని కాలంలో కూడా ఎగరడం మానని క్రీడాకారిణులే.