ప్రయోగశాలలో పసుపు

మా పాఠశాలలో తెలుగు తరగతికి వేరే గది లేదు. విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలోనే, నీళ్ళ కుళాయిల ప్రక్కన ఎత్తు బల్లల మీద కూర్చొని మా పిల్లలు అక్షరాలు దిద్దుతారు. నేను తెలుగు పంతులును, సైన్సు పంతులును కాను. అయినా ముందు పీరియడు ముగియకముందే వచ్చి, వెనుక బల్ల దగ్గర కూర్చొని భౌతిక, రసాయన శాస్త్ర పాఠాలు వినడం నాకు అలవాటైపోయింది. అక్కడ ఇంగ్లీషులో చెప్పే సంగతులలో కొన్ని మన ఇండ్లలో ఎప్పటినుంచో ఉన్నవే.

ఒకనాడు ఒక కుర్రవాడు తెల్లచొక్కా మీద కూర ఒలకబోసుకున్నాడు. పసుపు మరక పడింది. కుళాయి దగ్గరకు పోయి సబ్బుతో రుద్దాడు. మరక పోలేదు సరికదా, ఎర్రగా మారింది. వాడు హడలిపోయాడు. రసాయనశాస్త్రం చెప్పే టీచరుగారు నవ్వి, నిమ్మచెక్క తెప్పించి మరకమీద పిండారు. ఎరుపు పోయి మళ్ళీ పసుపు వచ్చింది. ఆనాటి పాఠం ఆ చొక్కామీదనే జరిగింది.

సబ్బు నీళ్ళకు క్షారగుణం ఉంటుంది. నిమ్మరసం ఆమ్లం. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే తిరిగి పసుపుపచ్చగా అవుతుంది. ఇలా రంగు మార్చి గుణం తెలిపే పదార్థాన్ని సూచిక అంటారు. ప్రయోగశాలలో వాడే లిట్మసు కాగితం కూడా సూచికయే. రాళ్ళమీద, చెట్లమీద పెరిగే లైకెన్ అనే జీవులనుంచి ఆ రంగును తీస్తారు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. లిట్మసు ఎర్రబడితే ఆమ్లమని అర్థం. పసుపు ఎర్రబడితే క్షారమని అర్థం. పరీక్షలో తొందరపడి తారుమారు చేసేవారిని చాలామందిని చూచాను. పసుపుకు ఇంకొక లోపమూ ఉంది. మంచినీళ్ళలోనూ ఆమ్లంలోనూ అది పసుపుపచ్చగానే ఉంటుంది కనుక ఆ రెండింటి తేడా చెప్పలేదు.

పెండ్లిలో కొత్త దంపతులకు ఎర్రనీళ్ళతో దిష్టి తీయడం మీరు చూచే ఉంటారు. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు వేసి, కాస్త సున్నం కలిపితే ఆ ఎరుపు వస్తుంది. సున్నం క్షారం. సూచిక అనే మాట తెలియని మన నాయనమ్మలకు ఈ మార్పు బాగా తెలుసు. మాటల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. క్షారం వేరు, కారం వేరు. వినడానికి దగ్గరగా ఉన్నా, మిరపకాయ కారం నాలుకకు మంట పుట్టించే గుణమే గాని క్షారగుణం కాదు.

ఇక పై తరగతులలో ఆమ్లక్షారాలను కొలిచి కలుపుతారు. 25 ఘన సెంటీమీటర్ల సోడియం హైడ్రాక్సైడు ద్రావణాన్ని పిపెట్టు అనే గాజు గొట్టంతో కొలిచి కుప్పెలో పోస్తారు. రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేస్తే గులాబిరంగు వస్తుంది. పైన నిలబెట్టిన బ్యూరెట్టునుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా వదలుతూ కుప్పెను కదుపుతారు. ఒక్క చుక్కతో రంగు మాయమవుతుంది. అక్కడ ఆపవలెను. ఆ ఒక్క చుక్క కోసం తరగతి అంతా ఊపిరి బిగపట్టి చూస్తుంది. మిగిలేది ఉప్పునీరే. ఆమ్లమూ క్షారమూ ఒకదాని గుణాన్ని మరొకటి పోగొట్టడాన్ని తటస్థీకరణం అంటారు.

నేను చదువుకునే రోజులలో పిపెట్టును నోటితో పీల్చేవాళ్ళం. ఒకసారి గొట్టం కొన ద్రావణంలోనుంచి పైకి తేలింది, నేను గమనించలేదు. గాలితోపాటు క్షారం నోటిలోకి వచ్చింది. సబ్బులాగ జారుడుగా ఉంది, వెంటనే మంట. ఎన్నిసార్లు పుక్కిలించినా నోటి లోపలి చర్మం రేగిపోయింది. రెండు రోజులు గంజి తప్ప ఏమీ దిగలేదు. ఇప్పుడు పిపెట్టుకు రబ్బరు బుడ్డి తగిలించి పీలుస్తారు. ఆ బుడ్డి కనిపించకపోతే వెదికించుకోండి, టీచరుగారు విసుక్కున్నా సరే. అలాగే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు ఆమ్లాన్నే నీటిలో కొద్దికొద్దిగా పోయవలెను. నీటిని ఆమ్లంలో పోస్తే పుట్టే వేడికి ఆమ్లం పైకి చిందుతుంది.

ఈ తటస్థీకరణం మన మారిషస్‌కు కొత్తేమీ కాదు. చెరకు రసానికి సహజంగా కొంచెం ఆమ్లగుణం ఉంటుంది. దానిని అలాగే కాస్తే చక్కెరలో కొంత భాగం గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. అలా విడిపోయినది పలుకు కట్టదు, నష్టమే. అందుచేత చక్కెర మిల్లులో రసానికి సున్నపునీరు కలుపుతారు. ఆమ్లగుణం పోతుంది, మడ్డి కూడా అడుగుకు దిగుతుంది. ఆంధ్రదేశంలో అనకాపల్లి ప్రాంతపు బెల్లం వండేవారు కూడా పెనంలోని రసానికి సున్నం చేర్చి, పైకి తేలిన మురికి తీసివేస్తారు. సున్నం ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది. అంటే వారికి కూడా ఎక్కడ ఆపవలెనో తెలియాలి, కాని వారి చేతిలో బ్యూరెట్టు లేదు.

భౌతికశాస్త్రంలో పిల్లలను ఎక్కువగా తికమకపెట్టేవి మాటలే. అక్కడ "పని" అంటే బలం ప్రయోగించిన దిశలో వస్తువు కదలాలి. బరువు సంచి పట్టుకొని ఒకేచోట నిలబడితే ఆ సంచి మీద పని జరగనట్టే. "అయితే బస్సు కోసం సంచులతో అరగంట నిలబడిన మా అమ్మ పని చేయలేదా?" అని ఒక అమ్మాయి అడిగింది. శాస్త్రం ప్రకారం లేదు. ఇంటికి పోయి ఆ మాట అనవద్దని మాత్రం చెప్పాను.

ఆ అమ్మాయే మరొకనాడు లఘులోలకంతో ప్రయోగం చేసింది. దారానికి గుండు కట్టి ఊపి, 20 డోలనాలకు పట్టే కాలం చూడవలెను. దారం పొడవు ఒక మీటరైతే సుమారు 40 సెకన్లు పడుతుంది. పొడవు పావు మీటరు చేస్తే అందులో సగం. గుండు బరువు మార్చినా కాలం మారదు. పుస్తకంలో ఇదంతా ఉంది గనుక అందరికీ జవాబు ముందే తెలుసు. ఆమెకు 38.1 సెకన్లు వచ్చింది. దానితో లెక్క కడితే భూమ్యాకర్షణ త్వరణం 9.8కి బదులు 10.9 వచ్చింది. జతగా ఉన్న పిల్లవాడు తన పుస్తకంలో రబ్బరుతో చెరిపి 40 వేసుకున్నాడు. ఆమె మాత్రం చెరపలేదు. మార్కులు పోతాయని కళ్ళనీళ్ళు పెట్టుకొంది.

టీచరుగారు ఆ అంకె చూచి, మళ్ళీ ఊపి లెక్కపెట్టమన్నారు. గుండు వదిలిన క్షణంలోనే ఆమె "ఒకటి" అంటోంది. అప్పటికి ఒక్క డోలనం కూడా పూర్తి కాలేదు! 20 అనేసరికి జరిగినవి 19 మాత్రమే. ఒక డోలనానికి రెండు సెకన్లు. తక్కువైనవి సరిగ్గా ఆ రెండు సెకన్లే. 38.1 అని రాసి ఉంచడం వలననే తప్పు దొరికింది. చెరిపినవాడు కూడా అలాగే లెక్కపెట్టాడు గాని, వాడి పుస్తకం చూచి ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేరు. రెండవసారి 40.1 సెకన్లు వచ్చింది. ఆమె మొదటి అంకెను కొట్టివేయకుండా దాని క్రిందనే ఇది రాసింది. ఇప్పుడు గుండు వదిలేటప్పుడు ఆమె పైకి "సున్న" అంటుంది, అదీ తెలుగులోనే.